కరుగుటకే పుట్టిన తీగ

పాత ఇండ్లలో వసారా గోడమీద, చేయి అందని ఎత్తున, ఒక చెక్క బోర్డును, దానిపై రెండు మూడు తెల్లని పింగాణీ డిప్పలును నేటికిని కనబడుచుండును. ఎలక్ట్రీషియన్లు వీనిని ‘కిట్‌కాట్’ ఫ్యూజులందురు. రాత్రివేళ దీపములు ఆరిపోయినప్పుడు ఇంటిపెద్ద స్టూలెక్కి ఆ డిప్పను ఊడదీయును; మాడిన తీగను తీసివేసి, పాత వైరు ముక్కనుండి ఒక రాగిపోగును లాగి బిగించును. అది మరల తెగినచో ఈసారి రెండు పోగులు వేయును. అప్పటికిని తెగినచో మూడు. దీపములు వెలుగును. ఇంటిల్లిపాది నిశ్చింతగా నిద్రపోవుదురు. కాని ఆ క్షణమునుండి గోడలోని తీగకు కాపలా లేదు. ఇది తెలియవలెనన్న, ఆ డిప్పలోనికి సన్నని తీగ ఎందుకు వచ్చినదో మొదటినుండి చూడవలయును.

ఇండ్లలో విద్యుద్దీపములు వెలుగకముందే ఫ్యూజు పుట్టెను. 1840 తరువాత ఐరోపాలో టెలిగ్రాఫు తంతులు శీఘ్రముగా వ్యాపించెను. స్తంభములపై సాగు ఆ తంతులమీద పిడుగు పడినచో, ఆ విద్యుత్తు తిన్నగా కార్యాలయములోనికి వచ్చి యంత్రములను మాడ్చివేయును. 1847లో ఫ్రాన్సు దేశీయుడగు లూయీ బ్రెగే తంతి మార్గములో కొంతమేర సన్నని తీగను అతుకవలెనని సూచించెను. పిడుగు వచ్చినచో ముందుగా ఆ తీగయే కరిగిపోవును, దారి తెగును, లోపలి యంత్రము దక్కును.

దీనికి ఆధారమైన సూత్రమును ఇంగ్లండునందు జేమ్స్ జూల్ 1841లోనే ప్రకటించియుండెను. తీగలో పుట్టు వేడిమి ఆ తీగయొక్క నిరోధమునకును, ప్రవాహపు వర్గమునకును అనులోమానుపాతములో నుండును. ప్రవాహము రెండింతలైనచో వేడిమి నాలుగింతలు, మూడింతలైనచో తొమ్మిదింతలు. ఒకే ప్రవాహము లావు తీగగుండను సన్నతీగగుండను పోవునప్పుడు, నిరోధము ఎక్కువగను లోహము తక్కువగను ఉన్న సన్నతీగయే ముందు కాగును. మార్గమంతటిలో ఒక్కచోటును బుద్ధిపూర్వకముగా బలహీనపరచుటయే ఫ్యూజు.

థామస్ ఎడిసన్ విద్యుద్దీపమువలన ప్రసిద్ధుడయ్యెను. నిజమునకు దీపముకన్న, ఆ దీపమును ఇంటింటికి అందించు ఏర్పాటే ఆయన చేసిన గొప్ప పని. ఆ ఏర్పాటులో భాగముగా 1880లో ఆయన కరుగు తీగకు పేటెంటు పొందెను. 1882 సెప్టెంబరు 4వ తేదీన న్యూయార్కు నగరములోని పెర్ల్ వీథి కేంద్రమునుండి విద్యుత్ సరఫరా ప్రారంభమయ్యెను.

ఆనాటి తీగలకు తొడుగులు నూలు, మైనము, రబ్బరు వంటివి. అవి సాగిపోవు దారి చెక్క దూలములు, చెక్క పలకలు. నిప్పంటుకొన్నచో నష్టము చెల్లించవలసినవి భీమా కంపెనీలు. కావుననే శాస్త్రజ్ఞులకన్న ముందు మేలుకొన్నవారు వారే. లండనులోని ఫీనిక్స్ అగ్నిభీమా సంస్థ ఇంజనీరు మస్‌గ్రేవ్ హీఫీ 1882లో విద్యుద్దీపములకు నిబంధనలు వ్రాసెను. అదే సంవత్సరము టెలిగ్రాఫు ఇంజనీర్ల సంఘమును నాలుగు పుటల నిబంధనావళిని వెలువరించెను. నేటి బ్రిటిష్ వైరింగు నిబంధనలు ఆ చిన్న పుస్తకమునుండి పెరిగినవే. వాని 18వ కూర్పు 2018లో వెలువడెను. అమెరికాలో ఇట్టి జాతీయ నిబంధనావళి 1897లో ఏర్పడెను.

తీగ ఎంత సన్నముగా నుండవలెను? దీనికి సమాధానము బ్రిటిష్ తపాలాశాఖ ఇంజనీరు విలియం ప్రీస్ 1880 దశకములో చేసిన ప్రయోగములవలన లభించెను. రాగితీగ వ్యాసమును మిల్లీమీటర్లలో తీసికొని, దానిని ఘనముచేసి, వర్గమూలము కట్టి, 80చే గుణించినచో, ఆ తీగను కరిగించు ప్రవాహము ఆంపియర్లలో వచ్చును. 0.2 మి.మీ. పోగునకు ఇది సుమారు 7 ఆంపియర్లు, 0.4 మి.మీ. తీగకు సుమారు 20. అనగా వ్యాసము రెండింతలు మాత్రమే అయినను, కరిగించు ప్రవాహము దాదాపు మూడింతలయినది. విద్యార్థులు ఇతర వ్యాసములకును ఈ లెక్క చేసి చూడవచ్చును.

ఇప్పుడు ఇంటిపెద్ద వేసిన మూడు పోగులను తలచుకొనుడు. ఒక్కొక్కటి 7 ఆంపియర్లకు కరుగునదైనచో, మూడు కలిసి సుమారు 20 ఆంపియర్లవరకు నిలుచును. 5 ఆంపియర్ల కొరకు వేసిన దారిలో 20 ఆంపియర్లు పోయినచో, గోడలోని తీగలో పుట్టు వేడిమి పదునారు రెట్లు. ఫ్యూజు కరుగకున్నచో కాలవలసినది మరియొకటి ఉండనే ఉన్నది.

ఈ పొరపాటు మనవారికే ప్రత్యేకము కాదు. అమెరికాలో మరచుట్టు గల ఫ్యూజులు వాడుకలో నుండెను. 15 ఆంపియర్లదియు, 30 ఆంపియర్లదియు ఒకే మరలో పట్టుటచే, చిన్నది మాడినచోట పెద్దదానిని బిగించుట సులభమయ్యెను. అదియు దొరకనివారు మాడిన ఫ్యూజు వెనుక ఒక సెంటు నాణెమును ఉంచెడివారు! జర్మనీలో ఈ మానవస్వభావమును ముందే పసిగట్టిరేమో, 20వ శతాబ్ది తొలి సంవత్సరములలోనే సీమెన్స్ సంస్థ ఒక ఉపాయము పన్నెను. ఎక్కువ ఆంపియర్ల ఫ్యూజు కొన లావుగా నుండును; అది తక్కువ ఆంపియర్ల గూటిలో దూరదు. అమెరికాలోను తరువాత, ఒకదాని గూటిలో మరియొకటి పట్టని ఫ్యూజులు వచ్చెను. పింగాణీ డిప్పకు మాత్రము ఇట్టి ఆటంకమేదియు లేదు; చేతికి దొరికిన ఏ తీగనైనను అది కాదనదు.

మన దేశములో 1897లో డార్జిలింగు చెంత సిద్రాపాంగు జలవిద్యుత్కేంద్రము నెలకొన్నది. హైదరాబాదులో హుస్సేన్‌సాగరు కేంద్రము 1920లో ఆరంభమయ్యెను. ఇండ్లలో చెక్క గాడులందును, టేకు పట్టీలపై క్లిప్పులతోను రబ్బరు తొడుగు గల తీగలను పరచిరి. ఆనాటి డి.సి. సరఫరాలో రెండు తీగలకును ఫ్యూజులు పెట్టుట వాడుక. ఏ.సి. వచ్చిన పిమ్మట ఒక తీగ, అనగా న్యూట్రలు, సరఫరా కేంద్రమువద్ద భూమికి కలుపబడెను. కాని రెండు ఫ్యూజుల అలవాటు చాల బోర్డులపై మిగిలిపోయెను. దీనివలన కీడు ఇట్లు కలుగును: న్యూట్రలు ఫ్యూజు మాత్రము కరిగినచో దీపములు ఆరును, ఫ్యాను ఆగును. కరెంటు లేదనుకొని హోల్డరులో చేయి పెట్టిన మనుష్యుని కొరకు ఫేజు తీగ 230 వోల్టులతో వేచియుండును. 1956 నాటి భారత విద్యుత్ నియమములలో 32వది, భూమికి కలిపిన న్యూట్రలుపై విడిగా ఫ్యూజు ఉండరాదని నిషేధించెను. అంతకుముందు కట్టిన బోర్డు ఇంకను వాడుకలోనున్నచో మొదట చూడవలసినది ఇదియే.

రబ్బరునకు మరియొక దోషము కలదు. వేడిమివలనను గాలిలోని ప్రాణవాయువు వలనను అది కాలక్రమమున పెళుసెక్కి బీటలు వారును. కదల్పకున్నంతవరకు బాగుగనే కనబడును. వంచినచో పొడియై రాలును. రెండవ ప్రపంచయుద్ధము తరువాత పి.వి.సి. తొడుగు దాని స్థానమును క్రమముగా ఆక్రమించెను.

తీగ మార్చు పనియే లేకుండ చేసినది 1924లో జర్మనీలో హ్యూగో స్టోట్జ్ పేర పేటెంటు పొందిన చిన్న సర్క్యూట్ బ్రేకరు. నేటి ఎం.సి.బి. దాని వంశములోనిదే. ఇందు రెండు కాపలాలు కలవు. ప్రవాహము కొద్దిగా మించినచో రెండు లోహముల పట్టీ కాగి, మెల్లగా వంగి మీటను విడిపించును. షార్టు సర్క్యూటు కలిగినచో విద్యుదయస్కాంతము తత్‌క్షణమే దానిని లాగివేయును. తప్పు సవరించి మీటను పైకెత్తిన చాలును, పోగులు వెదకనక్కరలేదు.

అయినను ఫ్యూజుగాని ఎం.సి.బి.గాని కాపాడునది తీగను, మనుష్యుని కాదు. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములో చార్లెస్ డాల్జీల్ మనుష్యులు ఎంత ప్రవాహమువరకు పట్టుకొన్న తీగను వదలగలరో పరీక్షించెను. పురుషులకు సగటున 16 మిల్లీ ఆంపియర్లు, స్త్రీలకు పదిన్నర. మన ఇండ్లలో 40 వాట్ల బల్బునకు సుమారు 170 మిల్లీ ఆంపియర్లు కావలెను. మనుష్యుని వదలనీయని ప్రవాహము ఆ బల్బు వాడుదానిలో పదవవంతు మాత్రమే! 5 ఆంపియర్ల ఫ్యూజు దీనిని గుర్తింపనేలేదు. అందుచేత 1961లో డాల్జీల్, వెళ్ళిన ప్రవాహమును తిరిగివచ్చిన ప్రవాహముతో పోల్చి, తేడా వచ్చినచో దారి తెంచు సాధనమును కల్పించెను. మన ఇండ్లలోని ఆర్.సి.సి.బి. ఈ జాతిదే; సాధారణముగా 30 మిల్లీ ఆంపియర్ల తేడాకు తెంచును.

పాత ఇంటిని క్రొత్త పద్ధతికి మార్చువారు తరచు పెట్టెను మాత్రమే మార్చుదురు. చెక్క బోర్డు పోయి తళతళలాడు ఎం.సి.బి.ల పెట్టె వచ్చును. దాని వెనుక అవే పెళుసు తీగలు. పని వరుస దీనికి విరుద్ధముగా నుండవలెను. ముందు తీగలు, ఎర్తు, పిమ్మట పెట్టె. తీగ లావునుబట్టి ఎం.సి.బి.ని ఎన్నుకొనవలెనుగాని, ఇంట క్రొత్తగా తెచ్చిన ఏ.సి. యంత్రమునుబట్టి కాదు. ఈ పని లైసెన్సు గలవారిది. మెయిను స్విచ్చి కట్టివేసినను, మీటరునుండి స్విచ్చివరకు గల తీగలలో విద్యుత్తు ఉండనే ఉండును.

తొడుగు మంచిచెడ్డలు చూచుటకు సిడ్నీ ఎవర్షెడ్ 1889లో చేతికి ఎత్తుకొనిపోదగిన పరీక్షా యంత్రమును కల్పించెను. 1903 నుండి దానికి ‘మెగ్గరు’ అని పేరు. ఉపకరణములన్నిటిని విడదీసి, 500 వోల్టులతో పరీక్షించినప్పుడు తొడుగు నిరోధము ఒక మెగ ఓమునకు తగ్గరాదు.

పాత తీగలున్న ఇంట ఆర్.సి.సి.బి. పెట్టిన మరునాటినుండియే అది మాటిమాటికి పడిపోవుచున్నదని ఫిర్యాదు వచ్చును. దానిని తప్పించి నేరుగా తీగ కలుపుమని ఇంటివారు అడుగుదురు. మూడు పోగులు వేసిన చేయియే ఇదియును. సాధారణముగా తప్పు పెట్టెలో నుండదు. చెమ్మపట్టిన గోడలోను, బీటలువారిన రబ్బరులోను, నీళ్ళ హీటరులోను ఉండును. ఒక్కొక్క సర్క్యూటును విడదీసి మెగ్గరుతో చూచినచో, విద్యుత్తు ఏ దారిలో కారిపోవుచున్నదో ఒక పూటలో తేలును.