అమెరికా సైన్యమున మత్తు నిచ్చు నర్సులు

మన దేశమున శస్త్రచికిత్సకు ముందు రోగికి మత్తు నిచ్చు అధికారము, వైద్యశాస్త్రమున పట్టము పొంది అటుపై మత్తు నిచ్చు విద్యయందే ప్రత్యేక శిక్షణ గడించిన వైద్యునిదే గనుక, ఇచ్చట అమెరికాయందు ఆ పనిని నర్సులు చేయుచున్నారనియు, వారికి దానిని నేర్పుటకు సైన్యమే ఒక పాఠశాలను నడపుచున్నదనియు, ఏనాడును తుపాకి ముట్టని సామాన్య పౌరులు సైతము అందు ప్రవేశమునకు దరఖాస్తు పెట్టుకొనవచ్చుననియు నేను వ్రాసినపుడు గుంటూరునందలి బంధువులు కొందఱు నమ్మరైరి. వారి సందేహము సహేతుకమే. ఈ విచిత్రమైన యేర్పాటునకు మూలము శస్త్రవైద్యుల విసుగును, యుద్ధముల తొందరయు.

1846 అక్టోబరు 16వ తేదీన బోస్టను నగరమునందలి మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో మోర్టను అను దంతవైద్యుడు ఈథరు అను మత్తుమందు మహిమను నలుగురి యెదుట ప్రదర్శించిన పిమ్మట సయితము, కొన్ని దశాబ్దములపాటు మత్తు నిచ్చుట యనునది ఎవ్వరును కోరి చేయని పనిగనే యుండెను. ప్రతిఫలము స్వల్పము, గౌరవము అంతకన్న స్వల్పము. క్రొత్తగా చేరిన యువవైద్యునకు దాని నప్పగించినచో, శస్త్రవిద్య నేర్వవలెనను తహతహచే అతడు రోగి యూపిరిని మఱచి సర్జను చేతివైపు మెడ చాచి చూచుచుండెడివాడు. రోగి ముఖము మీదనుండి చూపు మరల్చని మనిషి కావలెనని తలచిన సర్జనులు నర్సులను పిలిచిరి. మినెసోటా రాష్ట్రమున రోచెస్టరు అను చిన్న పట్టణమున మేయో సోదరుల యొద్ద పనిచేసిన ఆలిస్ మగా, ముఖముపై నుంచిన ముసుగు మీద ఈథరును బొట్టుబొట్టుగా విడుచుచు, రోగితో మెల్లగా మాటలాడుచు, వీలైనంత తక్కువ మందుతో నిద్ర పుచ్చెడిది. 14,000కు పైబడిన శస్త్రచికిత్సల వివరములను ఆమె 1906లో ప్రకటించి, వానిలో మత్తుమందు కారణముగా సంభవించిన మరణ మొక్కటియు లేదని తెలిపెను. ఆ కాలమునకు ఇది సామాన్యమైన మాట కాదు.

పిమ్మట మొదటి ప్రపంచయుద్ధము వచ్చెను. క్లీవ్‌లండు నగరపు సర్జను జార్జ్ క్రైల్, అగాథా హాడ్జిన్స్ అను నర్సును వెంటబెట్టుకొని 1915 ఆరంభమున పారిస్ చెంత నూయీయందలి అమెరికను ఆసుపత్రిలో గాయపడిన సైనికులకు చికిత్స చేసెను. ఆ యేడే వా రిరువురి పూనికతో క్లీవ్‌లండునందలి లేక్‌సైడ్ ఆసుపత్రిలో ఈ విద్యకు పాఠశాల వెలసెను. వైద్యులలో కొందఱు దీనిని సహింపక న్యాయస్థానముల నాశ్రయించిరి గాని, 1917లో కెంటకీ యందును, 1936లో కాలిఫోర్నియా యందును, సర్జను పర్యవేక్షణమున నర్సు మత్తు నిచ్చుట వైద్యవృత్తి నపహరించుట కాదనియే తీర్పులు వెలువడినవి. గాయపడినవారు గుడారముల వాకిట బారులు తీరినపుడు ఈ వాదమును వినుటకు సైన్యమునకు తీరిక లేకపోయె ననుటయే సత్యము.

అయినను సేవను స్వీకరించినంత సులభముగా గౌరవము నిచ్చుటకు ప్రభుత్వమునకు మనసు రాలేదు. సైన్యమున నర్సుల దళము 1901లోనే యేర్పడినను, అందలి స్త్రీలకు శాశ్వతమును సంపూర్ణమును అగు అధికారి హోదా 1947 నాటి శాసనముతో గాని సిద్ధింపలేదు. పురుషుల గతి మఱింత విపరీతము: నర్సు విద్య నేర్చిన మగవానిని దళము చేర్చుకొనక సామాన్య సైనికునిగా నుంచెడిది. అమెరికా కాంగ్రెసునందు ఓహాయో ప్రతినిధి యగు ఫ్రాన్సెస్ బోల్టను పట్టుదలచే 1955లో ఆ నిషేధము తొలగగా, ఆ శరత్తునందే దళమున కమీషను పొందిన మొదటి పురుషుడు ఎడ్వర్డ్ లయను. ఆయన వృత్తి మత్తు నిచ్చుటయే యగుట నాకు యాదృచ్ఛికముగా తోచదు. ఇటీవలి ఆఫ్ఘనిస్తాన్, ఇరాక్ యుద్ధములలో రణరంగమునకు చేరువగా శస్త్రచికిత్స చేసిన 20 మంది దళములలో మత్తు నిచ్చు నర్సు లిరువు రుండుట రివాజు.

ఇట్టి దళములను నింపుటకు సైన్యము లోపలివారు చాలరు గనుకనే బయటివారికి తలుపు తెఱచినారు. సైనిక పాఠశాల టెక్సాస్ రాష్ట్రమున శాన్ ఆంటోనియో నగరపు ఫోర్ట్ శామ్ హ్యూస్టన్ నందు కలదు; పట్టమును బేలర్ విశ్వవిద్యాలయ మిచ్చును. నర్సింగు పట్టమును, లైసెన్సును, ఐ.సి.యు.లో కనీస మొక యేడాది యనుభవమును గలవారు వైద్యదళపు రిక్రూటరు మూలమున దరఖాస్తు చేసికొని, దేహపరీక్షకు నిలిచి, ఎంపికయైనచో అధికారిగా కమీషను పొంది, సుమారు మూడేండ్లు జీతము పుచ్చుకొనుచునే డాక్టరేటు చదువుదురు. బయటి విశ్వవిద్యాలయములలో ఇదే చదువునకు ఉద్యోగము మాని అప్పులపాలగువా రనేకులు. సైన్యము చదువునకు రుసుము కోరదు. పిమ్మట కొన్ని సంవత్సరముల కొలువును, తాను చెప్పిన చోటికి పోవుటను మాత్రము కోరును. ఇది చవుక బేర మని నే ననను.

మన ఆడపిల్లలు ఐ.సి.యు.లలో పగలు రాత్రి యనక పనిచేయుచు ఈ పాఠశాల ప్రకటనల జూచి ఆశపడుట సహజమే గాని, వారికి రిక్రూటరు చెప్పని సంగతి యొకటి కలదు. ఈ కమీషనునకు గ్రీన్‌కార్డు చాలదు, అమెరికా పౌరసత్వము వలయును. దానిని స్వీకరించిన క్షణముననే భారత పౌరసత్వము పోవును. తక్కిన ప్రవాసులకు ఆ లోటును కొంత తీర్చెడి ఓ.సి.ఐ. కార్డును, విదేశ సైన్యమున పనిచేయువారికిని, పనిచేసి విరమించినవారికిని ఈయరాదని మన ప్రభుత్వపు నిబంధన. కనుక ఆ కార్డు లేక కొలువులో చేరిన పిల్ల, తల్లిని జూచుటకు విజయవాడకు రావలసి వచ్చిన ప్రతి పర్యాయమును, అన్యదేశీయురాలివలె వీసాకు దరఖాస్తు పెట్టుకొనవలయును.