కరిసల్ సీమలో బందెల దొడ్డి

తమిళనాడులో కోవిల్‌పట్టి నుంచి సాత్తూరు మీదుగా విరుదునగర్ దాకా పరుచుకున్న నల్లరేగడి నేలకు అక్కడి పేరు కరిసల్. సేద్యమంతా వానమీదే. పత్తి, సజ్జ, జొన్న, మినుము, ధనియాలు, మిరప పండిస్తారు. చేలకు కంచెలు తక్కువ. అదే నేలమీద ఎడ్లు, బర్రెలు, వెంబూరు గొర్రెలు, కన్ని మేకలు బతకాలి. కాబట్టి ఒకరి గొడ్డు మరొకరి చేలో పడడం, దాన్ని పట్టి కట్టెయ్యడం, ఆపైన తగువు తీర్చుకోవడం ఈ సీమలో సేద్యమంత పాతవి. ఇక్కడి కమ్మవారు, రెడ్లు, రాజకంబళ నాయకులు, అరుంధతీయుల ఇళ్ళలో తరతరాలుగా తెలుగు వినిపిస్తోంది. కాపులుగా, కాపరులుగా ఈ తగువులో రెండు వైపులా వాళ్ళున్నారు.

పశువు చేలో పడితే తప్పెవరిదన్న ప్రశ్నను ధర్మశాస్త్రాలు వివరంగానే పట్టించుకున్నాయి. పద్దెనిమిది వ్యవహారాల్లో ఒకటైన ‘స్వామిపాల వివాదం’ పశువుల యజమానికీ కాపరికీ సంబంధించినది. ఊరి చుట్టూ నూరు ధనుస్సుల మేర మేతబీడు విడిచిపెట్టాలనీ, అక్కడ కంచె లేకుండా వేసిన పైరును పశువు మేస్తే దండుగ లేదనీ మనుస్మృతి చెప్పింది. ఒంటెకు అవతల పైరు కనబడనంత ఎత్తుగా, కుక్క గానీ పంది గానీ మూతి పెట్టలేనంత దట్టంగా కంచె వెయ్యాలంది. ఈని పది రోజులు దాటని ఆవుకూ, దేవుడి పేరున వదిలిన ఆబోతుకూ మినహాయింపు ఇచ్చింది. యాజ్ఞవల్క్యుడి లెక్కలో దండుగ గేదెకు ఎనిమిది మాషలు, ఆవుకు నాలుగు, గొర్రెకైనా మేకకైనా రెండు. మేసి అక్కడే పడుకుంటే దండుగ రెట్టింపు. దండుగ రాజుకు చెల్లినా, పోయిన పైరుకు బదులు చేను గలవాడికి దక్కాల్సిందే. యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరను 13వ శతాబ్దంలో కేతన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు.

పాలెగాళ్ళ కాలంలో తిరునెల్వేలి ప్రాంతాన కావలి పద్ధతి నడిచింది. ఊరు కావలివాళ్ళకు ఏటా పంటలో వాటా ఇచ్చేది. దొంగతనం జరిగితే సొత్తు వెతికి తేవాల్సిందీ, దొరక్కపోతే నష్టం పూడ్చాల్సిందీ వాళ్ళే. పోయిన పశువుల జాడ చెప్పడానికి ‘తుప్పుకూలి’ అనే సొమ్ము పుచ్చుకోవడం కూడా ఉండేది. కొన్నిచోట్ల అది దోపిడీగా మారింది. 1801లో ఆర్కాటు నవాబు కర్ణాటక రాజ్యం ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాక పాలెగాళ్ళ కావలి హక్కులు పోయాయి.

పట్టిన పశువులను కట్టే బందెల దొడ్డికి చట్టపు రూపం ఇచ్చింది ఇంగ్లీషు ప్రభుత్వం. 1857, 1860 నాటి చట్టాలను రద్దుచేసి 1871లో పశువుల అక్రమ ప్రవేశ చట్టం తెచ్చింది. పైరు పాడుచేస్తున్న పశువును చేను గలవాడు పట్టుకోవచ్చు. పట్టాక ఇరవైనాలుగు గంటల్లోగా దొడ్డికి తోలాలి. దొడ్డి కాపలాదారు ఆ పశువు ఆనవాళ్ళు, వచ్చిన రోజు, వేళ, పట్టినవాడి పేరు పుస్తకంలో రాసుకొని దాని నకలు ఇవ్వాలి. మేతా నీళ్ళూ చూడాల్సిందీ అతనే. అప్పట్లో జరిమానా గేదెకు ఎనిమిది అణాలు, ఆవుకు, ఎద్దుకు, గుర్రానికి నాలుగు, దూడకు, గాడిదకు, పందికి రెండు, గొర్రెకు, మేకకు ఒక అణా. ఏనుగుకు రెండు రూపాయలు. గేదెకు ఎనిమిది, ఆవుకు నాలుగు అన్నది యాజ్ఞవల్క్యుడి నిష్పత్తే కావడం గమనించదగ్గది. ఏడు రోజుల్లో యజమాని రాకపోతే పోలీసు ఠాణాకు కబురు వెళ్తుంది, ప్రకటన అంటిస్తారు. మరో ఏడు రోజులు చూసి వేలం వేస్తారు. ఆ వేలంలో దొడ్డి కాపలాదారు గానీ పోలీసు గానీ పాట పాడకూడదు.

పట్టిన పశువును బలవంతంగా విడిపించుకుపోతే ఆరు నెలల దాకా ఖైదు. అన్యాయంగా పట్టారనుకుంటే యజమాని పది రోజుల్లోగా మేజిస్ట్రేటు దగ్గర ఫిర్యాదు చెయ్యవచ్చు, నూరు రూపాయల వరకు పరిహారం వస్తుంది. ఇంత పకడ్బందీగా రాసిన చట్టంలో పెద్ద లోటు ఒకటుంది. దొడ్డిలో కట్టే జరిమానా సర్కారుకే పోతుంది. పైరు పోగొట్టుకున్నవాడికి అందులో దమ్మిడీ రాదు, నష్టం కావాలంటే వేరే దావా వేసుకోవాలి. రెండు కుంచాల మినుములకు కోర్టుకెక్కే రైతు ఎవడు? అందుకే దొడ్లు వెలిసినా చెట్టు కింద ఊరి పెద్దల తీర్పులు ఆగలేదు. నష్టపోయినవాడికి గింజలో డబ్బో ఇప్పించే సులువైన దారి అదొక్కటే.

ఆ తీర్పుకు ముందు చేను చూస్తారు. వాన పడ్డ రేగడిలో గిట్టల జాడ అచ్చు వేసినట్టు నిలుస్తుంది. పశువు నాలుకతో చుట్టి పీకిన మొక్క ఒకలా ఉంటుంది, మేక తుంచిన చిగురు మరోలా, గొర్రె నేలబారుగా కొరికిన గడ్డి ఇంకోలా. తగువు రాకుండా చూసుకునే ఉపాయాలూ ఉన్నాయి. దొంగమేతకు మరిగిన గొడ్డు మెడకు గుదికర్ర వేలాడదీస్తారు. పరుగెత్తితే అది ముంగాళ్ళకు తగిలి అడుగు సాగనివ్వదు. పైరు మధ్య దున్నే ఎద్దు మూతికి చిక్కం కడతారు. పశువు గలవాడికీ భయం లేకపోలేదు. లేత జొన్నలోనూ, ఎండకు గిడసబారిన జొన్నలోనూ, కోసిన మోళ్ళ నుంచి వచ్చే పిలకల్లోనూ సైనైడు విషం పుడుతుంది. నాము అనే ఆ విషపు మేత తిన్న పశువు పొట్ట ఉబ్బి, ఊపిరాడక, వైద్యుడు వచ్చేలోపే చనిపోవచ్చు.

కోత అయ్యాక అదే మందను రైతు పిలిచి మరీ చేలో రాత్రికి నిలుపుకుంటాడు. రాత్రంతా పడే పెంట, మూత్రం చేనుకు ఎరువు. ఈ మందను తమిళంలో ‘కిడై’ అంటారు. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో తెలుగింట పుట్టి, 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారం పొందిన కి. రాజనారాయణన్ తన చిన్న నవలకు ఆ పేరే పెట్టాడు. మంద చేలో పడి మేసెయ్యడం, ఆపైన సాగే విచారణ, ఆ విచారణలో కులం చేసే పని అందులో కనిపిస్తాయి. బందె తగువు ఎప్పుడూ పశువుతో ఆగదు. చేను పెద్దకులానిదై, మేక బీదకాపరిదైనప్పుడు తూకం ఎటు మొగ్గేదో ఆ కథ చెప్పినంత బాగా ఏ రికార్డూ చెప్పదు.

ఈ తగువుల చుట్టూ ఉన్న ఊరూ మారింది. 1980లో తమిళనాడు ప్రభుత్వం వంశపారంపర్య గ్రామాధికారుల పదవులు తీసేసింది. మునసబు స్థానంలో గ్రామ పరిపాలనాధికారి వచ్చాడు. ట్రాక్టర్లు వచ్చి ఎడ్లు తగ్గాయి. సీమతుమ్మ బీళ్ళను ఆక్రమించి మేతనేలను మింగేసింది, అయితే చేలకు కంపా, మేకలకు కాయలూ దానివే. మదురై నుంచి కన్యాకుమారికి పోయే 44వ జాతీయ రహదారి ఈ ఊళ్ళ మీదుగానే సాగుతుంది. తప్పిపోయిన పశువు ఇప్పుడు పైరుకే కాదు, రాత్రిపూట వాహనాలకూ ప్రమాదమే.

తెలిసి తెలిసి పరాయి చేలో పశువును తోలడం 1860 నాటి శిక్షాస్మృతిలో ఆస్తినష్టం కిందికి వచ్చే నేరం. 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహిత 324వ సెక్షన్ దాని స్థానంలోకి వచ్చింది. పశువు చెవికి వేసే పన్నెండంకెల పోగుతో యజమాని ఎవరో తేల్చడం సులువైంది. పోయిన పైరుకు వెల కట్టడానికి మాత్రం నేటికీ గట్టు మీద నిలబడి చేను చూడాల్సిందే.