‘స్త్రీ’కి ఆరు ముక్కలు: మన అక్షరాలు ఫోన్లోకి వచ్చిన దారి

2018 ఫిబ్రవరి గుర్తుందా మీకు? ఐఫోను ఉన్నవాళ్ళందరికీ ఒకటే హెచ్చరిక. ఫలానా తెలుగు అక్షరం ఎవరైనా పంపిస్తే మెసేజీ తెరవకండి, యాప్ ఆగిపోతుంది అని. ఆ అక్షరం ‘జ్ఞా’. జ్ఞానంలో ఉండే జ్ఞా. తెర మీద కనబడగానే యాప్ మూసుకుపోయేది, మళ్ళీ తెరిస్తే మళ్ళీ మూసుకుపోయేది. ఆపిల్ వాళ్ళు ఫిబ్రవరి 19న 11.2.6 అనే సవరణ ఇచ్చాక గానీ గొడవ సద్దుమణగలేదు.

తెలుగు అంటే ఏమిటో తెలియనివాళ్ళు కూడా ఆ వారం మన భాష పేరు విన్నారు. కొందరం సిగ్గుపడ్డాం, కొందరం "చూశారా మా అక్షరం దెబ్బ" అని నవ్వుకున్నాం. నిజానికి తప్పు అక్షరానిది కాదు. మామూలుగా రాసుకునే ‘జ్ఞానం’తో ఏ ఫోనూ ఆగలేదు. జ్ఞకీ దీర్ఘానికీ మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తు దూరితేనే ఆ చిక్కు. ఆ గుర్తేమీ పనికిరానిది కాదు, మనకి రోజూ కావాల్సిందే. ‘సాఫ్ట్‌వేర్’ అని సరిగ్గా పడాలంటే ట్ తర్వాత ఆ గుర్తు ఉండాలి. లేకపోతే ‘సాఫ్ట్వేర్’ అయిపోయి, వ కాస్తా వత్తుగా మారి కిందికి దిగిపోతుంది.

అప్పుడు నాకో ప్రశ్న పుట్టింది. మన అక్షరాలని ఇలా ముక్కలు చేసి మిషన్లో పెట్టిందెవరు? మధ్యలో కనబడని గుర్తులెందుకు? ఎవరు ఎవరితో వాదించుకుంటే ఇది ఈ రూపానికి వచ్చింది? వెతికి చూస్తే, ఆ కథలో మనలాంటి పరదేశం వచ్చినవాళ్ళ పాలు చాలానే ఉంది.

ఇంగ్లీషు బడిలో తెలుగు

1990ల మొదట్లో అమెరికాలో చదువుకుంటున్న మనవాళ్ళకి కంప్యూటరుంది, నెట్టు ఉంది, తెలుగు మాత్రం లేదు. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న తెలుగువాళ్ళు ఒక పద్ధతి తయారుచేశారు. దాని పేరు ఆర్‌టీఎస్. ఇంగ్లీషు అక్షరాలతోనే రాయాలి, కానీ ఇష్టం వచ్చినట్టు కాదు, లెక్క ప్రకారం. చిన్న ‘టి’ కొడితే త, పెద్ద ‘టి’ కొడితే ట. చిన్న ‘డి’ అయితే ద, పెద్దదైతే డ. ఆ రాత మీద ఒక ప్రోగ్రాము నడిపితే అచ్చమైన తెలుగు లిపి వచ్చేది. రైస్ అన్నది ఆ యూనివర్సిటీ పేరు లెండి, మన బియ్యం కాదు.

దీని మీద అభిప్రాయభేదాలు వచ్చాయి. తెలుగుని ఇంగ్లీషు లిపిలో రాయడమేమిటి, రేపు పిల్లలకి అదే అలవాటైపోతుంది అన్నది ఒక వాదం. అసలు రాయడమే మానేస్తే ఏ లిపి ఉండి ఏం లాభం, ముందు రాయనివ్వండి అన్నది రెండోది. ఇప్పుడు వెనక్కి చూస్తే ఇద్దరి మాటా నిజమే అయింది. మనం ఇవాళ ఇంగ్లీషు కీబోర్డు మీద ‘అమ్మ’ అని కొడితే తెలుగులో అమ్మ ప్రత్యక్షమయ్యే సౌకర్యం ఆ ఆలోచన సంతానమే. అలాగే "ఎలా ఉన్నావు" అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి అలాగే పంపేసే అలవాటూ మనకి పోలేదు.

ఆ అలవాటుకి బద్ధకమొక్కటే కారణమనుకోకండి, డబ్బు కూడా ఉంది. ఎస్సెమ్మెస్ రోజులు గుర్తు తెచ్చుకోండి. ఇంగ్లీషు అక్షరాలైతే ఒక మెసేజీలో 160 పట్టేవి. ఒక్క తెలుగు అక్షరం కలిసిందంటే మొత్తం మెసేజీకి పరిమితి 70కి పడిపోయేది. దాటితే రెండో మెసేజీ చార్జీ. గల్ఫ్ నుంచి ఇంటికి మెసేజీ పంపే మనిషి చార్జీ చూసుకుంటుందా, లిపి చూసుకుంటుందా? పైగా అవతలి ఫోనులో తెలుగు లేకపోతే కనబడేవి డబ్బాలే. భాషాభిమానం గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్ళు ఈ లెక్క కూడా చెప్పాలి కదా.

పత్రికకో ఫాంటు, ఫాంటుకో తాళం

1990ల చివరికి తెలుగు పత్రికలు నెట్‌లోకి వచ్చాయి. పొద్దున్నే కాఫీ తాగుతూ ఊరి వార్తలు చదువుకోవచ్చని మనందరం మురిసిపోయాం. కానీ ఈ పత్రికకి ఈ ఫాంటు, ఆ పత్రికకి ఆ ఫాంటు. ఫాంటు దించుకోకపోతే పేజీ నిండా పిచ్చి గుర్తులే. ఎందుకంటే ఆ ఫైళ్ళలో నిజంగా ఉన్నది తెలుగు కాదు. లోపల ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల నంబర్లే ఉండేవి. వాటి మీద తెలుగు బొమ్మలు కప్పేవారు, అంతే. ఏ నంబరు మీద ఏ బొమ్మ అన్నది ఎవరి ఇష్టం వాళ్ళది. అందుకని ఒక పత్రికలోది కాపీ చేసి ఇంకోచోట పెడితే చెత్తయ్యేది. వెతుకుదామంటే దొరికేది కాదు.

పత్రికల పక్షం కూడా వినాలి. డబ్బు పెట్టి ఫాంటులు చేయించుకున్నారు. అచ్చుకి వాడే ఏర్పాటంతా వాటి మీదే నడుస్తోంది. అప్పట్లో అందరికీ ఉమ్మడిగా ఉన్న పద్ధతిలో తెలుగు చూపించే కంప్యూటర్లు తక్కువ, అందమైన ఫాంటులు ఇంకా తక్కువ. తమ పాఠకులు తమ దగ్గరే ఉండాలని, తమ వార్తలు ఎవరూ సులువుగా ఎత్తుకుపోకూడదని వ్యాపారస్తులకి ఉండడంలో వింతేముంది?

దానికి ఎదురు నిలబడింది జీతం లేని మనుషులు. పద్మ అనే చిన్న ప్రోగ్రాము వచ్చింది. ఫైర్‌ఫాక్స్‌లో పెట్టుకుంటే పత్రికల సొంత ఫాంటుల రాతని యూనికోడ్ తెలుగులోకి మార్చి చూపించేది. తర్వాత లేఖిని వచ్చింది, ఏమీ దించుకోకుండా బ్రౌజరులోనే తెలుగు రాసుకునేలా. 2003 డిసెంబరు 10న మొదలైన తెలుగు వికీపీడియా కూడా ఇలాంటివాళ్ళ చేతుల్లోనే పెరిగింది. వాళ్ళ వాదన ఒక్కటే: అక్షరాలు ఎవరి సొత్తూ కాకూడదు.

ఈ వాదన ఎంత నిజమో నాకు ఇంట్లోనే తెలిసొచ్చింది. మా అమ్మ తన వంటలన్నీ చెబుతుంటే 1999లో మా వీధిలో ఉన్న డీటీపీ షాపులో టైపు చేయించి ఫ్లాపీలో పెట్టి తెచ్చుకున్నాను. అమ్మ పోయాక, ఏళ్ళ తర్వాత ఆ ఫైలు తెరిస్తే అంతా గీతలూ, కొమ్ములూ, డాలరు గుర్తులూ. అమ్మ గొంతుకి ఎవరో తాళం వేసి తాళంచెవి పారేసినట్టనిపించింది.

అక్షరానికో నంబరు

ఉమ్మడి పద్ధతి అన్నాను కదా, అదే యూనికోడ్. 1991 అక్టోబరులో వచ్చిన మొదటి కూర్పులోనే తెలుగు ఉంది. తెలుగుకి 128 గడులు ఇచ్చారు. ఆ పట్టికకి ఆధారం అంతకుముందే భారతదేశంలో తయారైన ఇస్కీ. మన లిపులన్నీ బ్రాహ్మి నుంచి పుట్టినవే కాబట్టి అన్నిటికీ ఒకే వరస అన్నది దాని సూత్రం. హిందీ క ఏ గడిలో ఉంటే, తెలుగు పట్టికలో మన క కూడా అదే స్థానంలో ఉంటుంది.

ఆలోచన బాగుంది. కానీ తెలుగువాళ్ళకి ఇబ్బందులున్నాయి. మన బాలశిక్ష వరసలో ళ, క్ష, ఱ చివర వస్తాయి. ఈ పట్టికలో ర పక్కన ఱ, ల పక్కన ళ. క్షకి అసలు గడే లేదు. క, పొల్లు, ష కలిపి చేసుకోవాలి. వత్తులకీ గడులు లేవు, అన్నీ పొల్లుతో కుట్టుకోవడమే. ‘స్త్రీ’ మన కంటికి ఒక్క అక్షరం. మిషను లోపల మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం, మొత్తం ఆరు ముక్కలు. స్త్రీని ఆరు ముక్కలు చేసినా నిలబడి పనిచేస్తూనే ఉందని మనం నవ్వుకోవచ్చు.

మన అక్షరాలని మన కంటికి కనబడినట్టే పెట్టాల్సిందని కొందరు ఇప్పటికీ అంటారు. గుణింతాలు, వత్తులు, వత్తు మీద వత్తు అన్నీ లెక్కేస్తే వేలల్లోకి పోతుంది, ముక్కలైతే 128లోనే సరిపోతుందని ఇంకొందరంటారు. నాకు రెండోదే సబబనిపిస్తుంది. అయితే ముక్కల్ని కలిపి కుట్టే పని ఫోను తయారుచేసేవాళ్ళ మీద పడింది. ఆ కుట్టుపనిలో ఒక పొరపాటే 2018 నాటి జ్ఞా. మన భాష బరువు ఎక్కువై ఫోను ఆగలేదు. ఆ కుట్టుని మన అక్షరాలతో సరిగ్గా పరీక్షించలేదు, అంతే.

ఏ అక్షరానికి గడి దక్కాలన్న దాని మీద కూడా వాదాలే. చలి, చాప, జడ, జామ అని పైకి పలికి చూడండి. ‘చెల్లి’లో చ వేరు, ‘చలి’లో చ వేరు. ఆ రెండో శబ్దాలకి పాత పుస్తకాల్లో ౘ, ౙ అని విడిగా రాసేవారు. ఎవరూ రాయని అక్షరాలెందుకని కొందరన్నా, పాత నిఘంటువుల్ని కంప్యూటర్లోకి ఎక్కించాలంటే అవి కావాలి కదా! 2008లో వాటికి గడులు దక్కాయి. వాటితోపాటు పాత లెక్కల్లో వాడిన తెలుగు భిన్నాల గుర్తులకీ దక్కాయి. పాత అచ్చుల్లో కనబడే నకారపొల్లుకి 2021 దాకా ఆగాల్సి వచ్చింది. ప్రతి గడి వెనకా కాగితాలు రాసి, పాత పుటలు సాక్ష్యం చూపించి ఒప్పించిన మనుషులున్నారు.

ఇంతాచేసి వ్యాపారం నెమ్మదిగా వచ్చింది. గూగుల్ ప్రకటనల ఆదాయం హిందీ సైట్లకి 2014లో మొదలైతే తెలుగుకి 2018లో గానీ రాలేదు. అంతవరకూ తెలుగులో సైటు నడిపినవాళ్ళకి ఆ దారిలో పైసా రాబడి లేదు. అదే ఏడాది మొదట్లో మన అక్షరం ఫోనుల్ని ఆపింది, ఆ ఏడాదిలోనే మన అక్షరానికి మార్కెట్లో ధర పలికింది!

ఇక మన వంతు

ఇంగ్లీషు అక్షరాల్లో మెసేజీ కొట్టేవాళ్ళని నేను తప్పుపట్టను. వంట చేస్తూ, పిల్లని ఎత్తుకుని ఒక్క చేత్తో కొట్టేటప్పుడు ఏది సులువైతే అదే. కానీ తెలుగు రాయడానికి ఇప్పుడు చార్జీ తేడా లేదు, ఫాంటు వెతుక్కునే పని లేదు. ఆ అడ్డంకులు తీయడానికి ఎవరెవరో రాత్రుళ్ళు మేలుకున్నారు. మిగిలింది మన అలవాటే.

ఒక పని మాత్రం ఆలస్యం చేయకండి. మీ ఇంట్లో పాత ఫ్లాపీలో, సీడీలో, పాత కంప్యూటర్లో తెలుగులో టైపు చేయించినవి ఏమున్నా ఇప్పుడే బయటికి తీయండి. ఏ ఫాంటులో చేశారో తెలిసినవాళ్ళుండగానే యూనికోడ్‌లోకి మార్పించండి.

మా అమ్మ ఫైలుని మా పిన్ని కొడుకు తంటాలుపడి మార్చిపెట్టాడు. చాలావరకు వచ్చింది, కొన్ని వత్తులు ఎగిరిపోయాయి. ‘ఉప్పు’ ‘ఉపు’ అయింది, ‘నువ్వులు’ ‘నువులు’ అయ్యాయి. మనకి తెలుసు కాబట్టి చదువుతూనే సరిచేసుకున్నాను. మా అమ్మాయికి తెలియదు. అందుకని ఇద్దరం కూర్చుని వారానికో వంట చొప్పున దిద్దుతున్నాం. మొన్న గోంగూర పచ్చడి దాకా వచ్చాం. ‘పచ్చడి’లో చ కింద వత్తు తనే పెట్టింది.