కన్నును ‘డోయా’ అంటే తప్పెట్లయితది?

మహారాష్ట్రల జల్గావ్, ధులే, నందుర్బార్ జిల్లాలు, నాసిక్‌ల కొన్ని తాలూకాలు కలిస్తే ఖాందేశ్. అక్కడి పల్లెల మాట ఖాందేశీ. అహిరాణీ అని గూడ అంటరు. పశువులు కాసే అహిరుల మీదికెళ్లి వచ్చిన పేరది.

కన్నును మరాఠీల ‘డోళా’ అంటరు, అహిరాణీల ‘డోయా’. నలుపు ‘కాళా’ అయితే, ఈళ్లకు ‘కాయా’. ‘ళ’ ఉండే కాడ ‘య’ పలుకుతరన్నట్టు. ‘ఉంది’ అనేటందుకు మరాఠీల ‘ఆహే’, గుజరాతీల ‘ఛే’, అహిరాణీల ‘శే’. ఇది నోరు తిరగక వచ్చింది కాదు, ఆ భాష పద్ధతే అది.

గ్రియర్సన్ భాషల సర్వేల 1907ల అచ్చయిన సంపుటం దీన్ని మరాఠీ పక్కన వెట్టలే. భిల్లు భాషలతోని, మన తండాల్ల మాట్లాడే లంబాడీతోని కలిపి వెట్టింది. జనగణన గూడ వేరే భాషగనే లెక్కవెడ్తది. 2001ల ఖాందేశీ మా భాష అని రాపిచ్చినోళ్లు సుమారు 20 లక్షల 75 వేలు. 2011ల 18 లక్షల 60 వేలే. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్ల దీనికి జాగ లేదు.

మాట్లాడేటోళ్లు ఉన్నా, రాపియ్యకపోతే కాయితం మీద భాష తగ్గుతది. లెక్కలోళ్లు వచ్చిన నాడు ఇంట్ల మాట పేరు సక్కగ చెప్పాలె. ఖాందేశ్ పిల్లలకే కాదు, తండాల తమ్ముళ్లకు, చెల్లెండ్లకు గూడ ఇదే మాట.