ప్రభుత్వ ప్రచురణల ఉపసంహరణ

జనం చదువుకోవడానికి గ్రంథాలయంలోనో వెబ్‌సైటులోనో ఉంచిన గెజిట్లు, జీవోలు (ప్రభుత్వ ఉత్తర్వులు), నివేదికలను ప్రభుత్వమే మళ్లీ వారికి అందకుండా చేయడం ప్రభుత్వ ప్రచురణల ఉపసంహరణ. తెలుగునాట ఇందుకు పేరుపడిన ఉదాహరణ 2021లో ఆంధ్రప్రదేశ్ జీవోల వెబ్‌సైటు మూత.

మద్రాసు ప్రభుత్వం ఫోర్ట్ సెయింట్ జార్జి గెజిట్‌ను 1832లో మొదలుపెట్టింది. ఉదాహరణకు వెంకటగిరికోట అనే ఊరు 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఉత్తర ఆర్కాటు జిల్లాలోది కాబట్టి ఆ ఊరి పాత కాగితాల కోసం మద్రాసు వైపే చూడాలి. 1954 నాటి కేంద్ర చట్టం ప్రకారం అచ్చయిన ప్రతి పుస్తకమూ కలకత్తా జాతీయ గ్రంథాలయానికి, మద్రాసు కన్నెమరాతో సహా మరికొన్ని గ్రంథాలయాలకు చేరాలి. ఇది సర్కారు పుస్తకాలకూ వర్తిస్తుంది. కార్యాలయ వాడకానికే ఉద్దేశించినవాటికి మాత్రం మినహాయింపు. రహస్యానికి సందు అక్కడే ఉంది.

అచ్చు ప్రతి ఒకసారి బీరువాకెక్కితే వెనక్కి లాగడం తేలిక కాదు. 2001 అక్టోబరులో అమెరికా ప్రభుత్వం నీటి వనరుల సమాచారమున్న ఒక సీడీని ధ్వంసం చేయమని గ్రంథాలయాలను కోరాల్సి వచ్చింది. వెబ్‌సైటు అలా కాదు. ఉన్న ఒక్క ప్రతీ సర్కారు చేతిలోనే ఉంటుంది, ఒక్క మెమో చాలు.

ఆంధ్రప్రదేశ్‌లో 2008 నుంచి జీవోలను వెబ్‌సైటులో పెట్టేవారు. ఎంఎస్, ఆర్‌టీ అనే రకాలవారీగా వరుస సంఖ్యలు, తేదీ, శాఖ పేరు కనిపించేవి. కొన్నిటికి 'కాన్ఫిడెన్షియల్' ముద్ర పడేది. మరికొన్నిట్లో సంఖ్య, తేదీ, శాఖ పేరు మాత్రమే ఉండి కింద కాగితమంతా తెల్లగా ఉండేది. వీటినే 'బ్లాంక్ జీవోలు' అన్నారు. నిజానికి ఖాళీ జీవో కూడా ఒక సంగతి చెబుతుంది: ఫలానా తేదీన ఫలానా శాఖ ఏదో ఉత్తర్వు ఇచ్చిందని. 2021 ఆగస్టులో వీటిపై దుమారం రేగాక ప్రభుత్వం జీవోలను వెబ్‌సైటులో పెట్టడమే మానేసింది. దాంతో ఆ ఆనవాలూ పోయింది. సమాచార హక్కు చట్టం, 2005లోని 4వ సెక్షన్ ఎవరూ అడగకముందే సమాచారం వెల్లడించమంటుంది గనుక వ్యవహారం హైకోర్టుకెక్కింది. సెప్టెంబరులో జీవోలను ఈ-గెజిట్‌కు మళ్లించారు. రహస్యమైనవి, మామూలు వ్యవహారాలవి అందులో పెట్టనక్కర్లేదన్నారు. ఏది మామూలో తేల్చేది మళ్లీ ఆ శాఖే. తెలంగాణలోనూ అదే ఆగస్టులో దళితబంధు పథకం కేసు విచారిస్తూ హైకోర్టు జీవోలను 24 గంటల్లో వెబ్‌సైటులో ఉంచాలని ఆదేశించింది.

గెజిట్ అందడం ఎంత అవసరమో ఆంధ్రప్రదేశ్‌లో 2022 జిల్లాల పునర్విభజనలో తెలిసింది. జనవరిలో గెజిట్‌లో ముసాయిదా వెలువరించి, అభ్యంతరాలకు 30 రోజుల గడువిచ్చారు. మదనపల్లెను జిల్లా కేంద్రం చేయాలని అడిగినవారు ఆ గడువులోనే రాసుకోవాల్సి వచ్చింది. ఏప్రిల్ 4న మదనపల్లె రాయచోటి కేంద్రంగా అన్నమయ్య జిల్లాలోకి వెళ్లింది. పుంగనూరు, కుప్పం, వెంకటగిరికోట అప్పటికి చిత్తూరులోనే ఉండిపోయాయి.

2024లో ప్రభుత్వం మారాక ఆగస్టు చివర జీవోల పాత వెబ్‌సైటును తిరిగి తెరిచారు. మూసి ఉన్న మూడేళ్లనాటి జీవోలనూ అందులోకి ఎక్కించాలని శాఖలకు ఉత్తర్వులు వెళ్లాయి.