కుక్క దగ్గు చేసిన మేలు

ఇంట్లో పసిపిల్ల ఒక్కసారి దగ్గితే చాలు, వాము కషాయమనీ, తులసి రసమనీ ఇల్లంతా వైద్యులైపోతారు. అదే వాకిట్లో కుక్క దగ్గితే? "గొంతులో ఏదో అడ్డుపడి ఉంటుందిలే" అనేసి ఊరుకుంటాం. కాని ఆ దగ్గుని పట్టించుకున్న వాళ్ళుండబట్టే మన ఇన్‌ఫ్లూయెంజా గుట్టు బయటపడిందంటే నమ్ముతారా?

మశూచికి టీకా ఇచ్చిన ఎడ్వర్డ్ జెన్నర్‌ని మనందరం పాఠాల్లో చదువుకున్నాం కదూ! ఆయనే 1809లో కుక్కల జబ్బు మీద ఒక వ్యాసం రాశాడు. ముక్కూ కళ్ళూ కారడం, దగ్గు, ఆయాసం, ముదిరితే మూర్ఛలు... దాని పేరు డిస్టెంపర్. లక్షణాలు తెలిశాయి గాని, కారణం తెలియడానికి ఇంకో వందేళ్ళు పట్టింది. 1905లో హెన్రీ కారే అనే ఫ్రెంచి పశువైద్యుడు, సన్నటి వడపోతలోంచి కూడా జారిపోయే వైరస్సే దీనికి మూలమన్నాడు. చాలామంది ఒప్పుకోలేదు. కుక్కల శ్వాసనాళాల్లో కనిపించిన ఒక బాక్టీరియా మీద నేరం మోపారు. పాపం, దాని నేరం వేరు! కెన్నెల్ కాఫ్ అనే మరో దగ్గుకి అదొక కారణం.

1923లో ఇంగ్లండులో 'ది ఫీల్డ్' అనే పత్రిక ఈ జబ్బు అంతు తేల్చాలని నిధి మొదలుపెట్టింది. కుక్కల్ని ప్రేమించేవాళ్ళు చందాలిచ్చారు. లండన్ దగ్గర మిల్ హిల్‌లో లెయిడ్లా, డంకిన్ అనే ఇద్దరు పరిశోధన సాగించారు. ముంగిసలా ఉండే ఫెరెట్ అనే జంతువుకి ఈ జబ్బు ఇట్టే అంటుకుంటుందని గ్రహించి, దాని సాయంతో కారే మాట నిజమేనని తేల్చారు. 1928 నాటికి టీకా కూడా తయారైంది.

అసలు విశేషం ఆ తరవాతే. 1918లో వచ్చిన ఇన్‌ఫ్లూయెంజా ఒక్క మన దేశంలోనే కోటిమందికి పైగా పొట్టన పెట్టుకుంది. అయినా దాని కారణం ఎవరికీ అంతుపట్టలేదు. 1933లో అదే మిల్ హిల్‌లో స్మిత్, ఆండ్రూస్, లెయిడ్లా కలిసి, జ్వరంతో ఉన్న మనుషుల గొంతు కడిగిన నీళ్ళని ఫెరెట్ల ముక్కుల్లో వేశారు. అవి తుమ్మాయి! మనిషికి వచ్చే ఫ్లూ వైరస్ అలా దొరికింది. కుక్కల కోసం పోగుచేసిన డబ్బు మనుషులకి అక్కరకొచ్చింది. ఆ మూగజీవాల ప్రాణాలు కూడా ఆ లెక్కలో ఉన్నాయి సుమా!

డిస్టెంపర్ వైరస్‌ని చంపే మందు ఈనాటికీ లేదు. 2018లో గిర్ అడవుల్లో సింహాలని కూడా ఇది బలి తీసుకుంది. అందుకే కుక్కపిల్లకి ఆరు, ఎనిమిది వారాల వయసు నుంచే టీకాలు మొదలుపెట్టాలి. కుక్కకి దగ్గు తగ్గకపోయినా, తిండి మానేసినా పశువైద్యుడికి చూపించాలి. ఎగశ్వాసతో రొప్పుతూ నాలుక నీలంగా మారితే ఒక్క క్షణం ఆగకూడదు. మనం వాడే దగ్గు మందూ జ్వరం బిళ్ళలూ దానికి పొయ్యకండి, కొన్ని దానికి విషమే.

మాటరాని జీవి, బాధ చెప్పుకోవడానికి దానికున్న భాష ఆ దగ్గొక్కటే. కాస్త చెవిపెడితే మన సొమ్మేం పోతుంది చెప్పండి?