లేత పినో న్వార్ రుచి పరీక్ష

లేత పినో న్వార్ రుచి పరీక్ష అంటే చల్లని ప్రాంతాల్లో పండిన పినో న్వార్ నల్లద్రాక్షతో చేసిన ఎర్ర వైన్ నాణ్యతను, సీసాకెత్తిన తొలి ఏళ్లలోనే అంచనా వేయడం. ఈ ద్రాక్ష రకానికి పుట్టినిల్లు ఫ్రాన్స్‌లోని బర్గండీ. 1395లో డ్యూక్ రెండో ఫిలిప్ అక్కడి గమే అనే మరో ద్రాక్ష రకపు తీగలను పెరికివేయమని ఆజ్ఞాపించి పినోకు పెద్దపీట వేశాడు. పండు తోలు పలచన కాబట్టి వైన్ కెంపు రంగులో పారదర్శకంగా ఉంటుంది. ఇది లోపం కాదు. సుమారు 13–16 డిగ్రీల సెల్సియస్ వద్ద, వెడల్పాటి గ్లాసులో పరీక్షిస్తారు. చెర్రీ, రాస్ప్‌బెర్రీ వాసనలు ముందుంటాయి. పుట్టగొడుగులు, తడి ఆకుల వాసన వయసుతో వస్తుంది. పులుపు పదునుగా, టానిన్ల వగరు మితంగా ఉంటాయి. కాడలతో సహా పులియబెట్టినప్పుడు వచ్చే ఘాటును, పండని ద్రాక్ష పసరు వాసనగా పొరబడడం కద్దు. నిల్వ సామర్థ్యాన్ని పులుపు, వగరు, పండు రుచుల పొందికను బట్టి, మింగాక రుచి నిలిచే వ్యవధిని బట్టి నిర్ణయిస్తారు.